చేయి తిరిగినవానికి సాధన యేల?

చేయి తిరిగినవానికి శ్రమ యుండదని మనలో నొక నమ్మకము పాతుకొనియున్నది. సంగీతసభలో ముందువరుసను గూర్చుండి, “వారికేమి, నల్లేరుపై బండి నడక!” యని తల యూచు మహాశయులను పాఠకు లెఱుగుదురు. ఆ మాట పొగడ్తవలె వినబడును. వాస్తవమున నది విద్వాంసుడు ఏండ్లతరబడి పడిన కష్టమును తుడిచివేయు మాట. నేర్చుకొను బాలుని చెవిని బడినచో వాని సాధనను మాన్పించు మాట.

ఫిడేలునే నిదర్శనముగా గైకొందము. ఐరోపానుండి వచ్చిన యీ వాద్యమును ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులవారు మన సంగీతమునకు అలవఱచిరని ప్రసిద్ధి. వీణకు 24 మెట్లు కలవు. వ్రేలు కొంచె మిటునటైనను మెట్టు స్వరమును కాచును. ఫిడేలునకు మెట్లు లేవు. సుమారు 13 అంగుళముల తీగపై స్వరస్థానమును వెదకుటకు వ్రేలికి చెవి తప్ప వేఱు దిక్కులేదు. పైగా స్థాయి హెచ్చినకొలది స్వరముల నడుమ దూరము తగ్గును. ఒక స్థాయి పైకి బోవునప్పటికి అది సగమగును. క్రింద క్షమింపదగిన వెండ్రుకవాసి పొరపాటు పైన రెట్టింపై వినవచ్చును. వేసవి యెండకును తొలకరి చెమ్మకును వాద్యపు శ్రుతి చలించుచునే యుండును. నిన్న దొరకిన స్థానమును నేడు మరల వెదకికొనవలసినదే. ఇక గమకముల సంగతి చెప్పనక్కఱలేదు. తోడి రాగమున గాంధారము ఊగు మేరను ఏ పలకమీదను గీతగీసి చూప నలవికాదు.

ఇంతయు అభ్యాసముచే కరతలామలకము గాదా యని యడుగవచ్చును. చేతి కగును, చెవికి గాదు. సరళీవరుసలు నేర్చు బాలునికి తన యపస్వరము తనకు వినబడదు. వర్ణమును మూడు కాలములలో వాయించువానికి వినబడును. విద్వాంసునికో, శ్రోతలలో నొక్కరును గనిపెట్టని లోపము ముల్లువలె గ్రుచ్చుకొనును. చేయి ఒక యడుగు వేయునంతలో చెవి రెండడుగులు ముందు నిలుచును. శ్రమ తఱుగకుండుటకు కారణమిదియేయని మా యభిప్రాయము.

ఇది మన సంగీతమునకే చెందిన ధర్మము గాదు. ఫిడేలు జాతిలోనిదే యగు సెల్లో యను పెద్ద వాద్యమున ప్రవీణుడైన పాబ్లో కసాల్స్ (1876–1973) స్పెయినుదేశమున కెటలోనియాలో జన్మించెను. పదమూడవ యేట తనకు దొరకిన బాఖ్ సూట్లను పండ్రెండేండ్లు సాధించిన పిదపగాని సభలో వాయింప సాహసింపలేదని యాతడు స్వయముగా చెప్పికొనెను.

అట్టి సాధనకు కూడుగుడ్డలు కావలెను. 1919లో విజయనగరమున సంగీతకళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రిన్సిపాలు అయిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 26 ఏండ్ల ప్రాయమున అచ్చట ఫిడేలు పండితులుగా నియమితులైరి. విద్యార్థిగా చేరబోయి ఆచార్యులైరని చెప్పుకొందురు. 1936లో వారే ప్రిన్సిపాలు అయిరి. సంగీతకళానిధి బిరుదము వారికి 1941లో, అనగా ఉద్యోగమున ప్రవేశించిన 22 ఏండ్లకు వచ్చినది. ఆ నడిమి సంవత్సరములలో నెలజీతమును, శిష్యులును, వాద్యమును విడువని నిత్యవృత్తియు వారి కుండెను. బిరుదము మొదటనే వచ్చియుండినచో నేమయ్యెడిదో యోచింపదగినది.

నేడు మనము నడపుచున్నది ఆ తలక్రిందుల వరుసయే. పదేండ్ల బాలునికి టెలివిజను పోటీలో బహుమానము, ఊరిలో శాలువ, పేరునకు ముందొక బిరుదము, మఱునాటినుండి ఆహ్వానములు. తలిదండ్రులకు సంతోషమే. కాని యా బాలుడు సరళీవరుసలకు ఏ వేళ కూర్చుండును? శాలువ కప్పినవారిది చెడ్డ తలంపని మే మనము. విద్య ముగిసినదని చెప్పు పత్రముగా అది పిల్లవానికి తోచునని మాత్రము వారు గ్రహింపరు.

పట్టణములందలి సభలవారును గ్రామములందలి సంపన్నులును చేయదగిన పని యొకటి కలదు. సన్మానములకు వెచ్చించుదానిలో సగము తీసి, ఇరువదియేండ్లు దాటియు ఇంకను పేరు రాని విద్యార్థి నొకనిని ఎన్నుకొని, మూడేండ్లు నెలనెలయు భృతి యియ్యవలెను. ఆ మూడేండ్లును వానిని కచ్చేరి చేయుమని యడుగరాదు. దీనివలన దాతకు వేదికపై కుర్చీ దొరకదు, ఛాయాపటము పడదు. కావుననే మా సూచన పలువురకు రుచింపదని యెఱుగుదుము. రానున్న త్యాగరాజ ఆరాధననాటికి ఒక్క సభయైనను పూనుకొన్నచో, దాత వలదన్నను ఆ వార్తను మొదటి పుటలో ప్రకటింతుము.