దొంగభాష అనకండి

నారాయణవనంలో ఆకాశరాజు కూతురికి ఎరుక చెప్పడానికి శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టాడన్న కథ మా సత్యవేడు ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. దేవుడు కట్టదగిన వేషమే గాని, ఆ ఎరుకలసాని ఇంట మాట్లాడుకొనే భాష మాత్రం భాష కాదట! మొన్న ఒక మిత్రులు, తెలుగు అంతరించిపోతున్నదని అరగంట వాపోయి, ఎరుకల భాష ప్రసక్తి రాగానే, “అదేం భాషండీ? పోలీసులకు తెలియకుండా దొంగలు కల్పించుకొన్న మాటలు. లిపి లేదు, సాహిత్యం లేదు” అని తేల్చేశారు.

మొదట ఆ ‘దొంగ’ సంగతి. 1871లో తెల్లదొర నేరస్థ జాతుల చట్టం చేశాడు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించాడు. పుట్టుకతోనే దొంగలన్న ముద్ర ఎరుకలవారిపై పడింది. 1952లో ఆ చట్టాన్ని దేశమంతటా ఎత్తివేశారు. చట్టం పోయినా మన నాలుకమీద ముద్ర పోలేదు. ఎరుకలవారు ‘కుర్రు’ అని పిలుచుకొనే ఆ భాష తమిళానికి దగ్గరి చుట్టం, మన తెలుగులాగే ద్రావిడ కుటుంబానిది. గూఢభాష కానే కాదు.

ఇక లిపి. కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతంలోనిది. అంతకుముందు మన పూర్వులు సైగలతో సంసారం చేశారా? అలాస్కాలో ట్లింగిట్ అనే జాతి ఉన్నది. వారి భాషను బడులలో దండించి మాన్పించారు. నేడు ధారాళంగా మాట్లాడగలవారు రెండు వందలకు మించరు. అయినా రోమన్ అక్షరాలనే సవరించుకొని, ముసలివారి నోటి కథలను గ్రంథాలుగా వ్రాసుకొన్నారు. 2014లో ఆ రాష్ట్రం వారి భాషకు అధికార హోదా ఇచ్చింది. లిపి అరువు తెచ్చుకోవచ్చును. మాట పోతే అరువిచ్చేవారు లేరు.

మా సత్యవేడు 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లానుండి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఏ ఊరిలో ఏ భాషవారు ఎక్కువో లెక్కగట్టి సరిహద్దు గీశారు. తెలుగు మాదని మనం, తమిళం మాదని వారు. వెదురుబుట్టలు అల్లుకొనే గుడిసెలలోని మూడవ భాషను ఎవరూ తమదనలేదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలవారు 5 లక్షల 19 వేలు. దేశమంతటా తమ మాతృభాష ఎరుకల అని వ్రాయించినవారు 58 వేలు. ఆ కొద్దిమందినీ తమిళం పద్దులో కలిపారు. 2004 ప్రాంతంలో మన రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషలలో బడిపిల్లలకు పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఆ ఎనిమిదింటిలో కూడా ఇది లేదు.

పరులను తప్పుపట్టి ఊరకుంటే అది న్యాయం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తరగతిలో ఒక ఎరుకల పిల్లవాడు తమ్ముడితో కుర్రులో ఏదో అంటే, “ఏమిట్రా ఆ దొంగమాటలు?” అని నలుగురిలో గద్దించినవాడిని నేనే. ఈ మధ్య సంతలో వాడు కనిపించాడు. తలనెరిసింది, పక్కన మనుమరాలు. పిల్లకు మీ భాష నేర్పావా అని అడిగాను. “ఎందుకులే అయ్యోరా, ఇస్కూల్లో నగతారు” అన్నాడు. నా మాట వాడికి గుర్తున్నదో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మిత్రులారా! ఆంగ్లం మన తెలుగును చిన్నచూపు చూస్తున్నదని గగ్గోలుపెడతాము. మనం కుర్రును చూసే చూపు ఏపాటిది? తెలుగు అక్షరాన్ని కంప్యూటరుకు ఎక్కించడానికి రాత్రులు మేల్కొన్నవారు మీలో ఉన్నారు. మీ ఊరి ఎరుకలవాడకు ఒక్కనాడు వెళ్ళండి. అనుమతి అడిగి, ఒక అవ్వ చెప్పే కథను ఫోనులో పట్టి, తెలుగు లిపిలో వ్రాయండి. కథ కింద ఆమె పేరు వ్రాయమంటుందేమో అడిగి వ్రాయండి, మీది కాదు.

అది చేతకాకపోతే ఆ ‘దొంగ’ అన్న విశేషణాన్నైనా మానండి. అంతవరకు మాతృభాషాభిమానులమని చెప్పుకొనే అర్హత, నాతో సహా, మనకు లేదు.