రెండుసార్లు ఉద్యోగం పోయిన ఊరు

మ్యాప్ ఓపెన్ చేసి, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ నుంచి ఒడ్డు వెంబడి పైకి వెళ్లండి. ఒక చోట సముద్రం బాగా సన్నబడి సందులా కనిపిస్తుంది. ఇవతల డెన్మార్క్, అవతల స్వీడన్, మధ్యలో నాలుగు కిలోమీటర్ల నీళ్లు. ఆ జలసంధి పేరు ఓరెసుండ్. ఇవతలి ఒడ్డున ఉన్న పాత ఊరు హెల్సింగోర్.

ప్రాజెక్ట్ పని మీద ఆరు నెలలుగా కోపెన్‌హేగన్‌లో ఉంటున్నా. అక్కడ రైలెక్కితే ముప్పావుగంటలో హెల్సింగోర్‌లో దిగొచ్చు. వచ్చేవాళ్లలో చాలామంది షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ కోట చూడ్డానికే వస్తారు. నేనూ అందుకే వెళ్లా. కానీ నన్ను పట్టుకున్న కథ వేరు. ఈ ఊరు తనకు అన్నం పెట్టిన పనిని ఒకసారి కాదు, రెండుసార్లు పోగొట్టుకుంది. ‘ఏఐ వచ్చాక మన పని ఎన్నాళ్లు’ అని ఆఫీసులో టీ తాగుతూ రోజూ మాట్లాడుకునే మనలాంటి వాళ్లకి ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది?

సముద్రం మీద టోల్‌గేట్

బాల్టిక్ సముద్రం నుంచి ధాన్యం, కలప, తారు పడమటి దేశాలకు వెళ్లాలన్నా, అటు నుంచి ఉప్పు, వైన్ ఇటు రావాలన్నా ఓడలకు దగ్గరి దారి ఈ సందే. 1429 ప్రాంతంలో ఎరిక్ అనే డెన్మార్క్ రాజుకి ఐడియా వచ్చింది. ఇక్కడ ఆగి డబ్బు కట్టిన ఓడనే వదలాలి! అప్పట్లో అవతలి ఒడ్డు కూడా డెన్మార్క్‌దే. రెండు వైపులా కోటలు, వాటి మీద ఫిరంగులు. కట్టకుండా జారుకునే వీలు లేదు. ఫాస్ట్‌ట్యాగ్ లేని టోల్‌ప్లాజా అన్నమాట.

ఇందులో నాకు బాగా నచ్చింది పన్ను లెక్కగట్టే పద్ధతి. ఓడలో సరుకు విలువ ఎంతో కెప్టెనే చెప్పాలి. దాని మీద పన్ను వేస్తారు. ‘మరి తక్కువ చెబితే?’ అని మనకి వెంటనే డౌట్ వస్తుంది. ఎందుకంటే ఫ్లాట్ రిజిస్ట్రేషన్ రోజున కాగితం మీద ఎంత, చేతికి ఎంత అనే మాటలు విని పెరిగినవాళ్లం! దానికీ రాజు దగ్గర మందు ఉంది. కెప్టెన్ చెప్పిన ధరకే సరుకు మొత్తం కొనేసే హక్కు రాజుకి ఉండేది. తక్కువ చెబితే సరుకు చవగ్గా రాజు పాలవుతుంది. ఎక్కువ చెబితే పన్ను పెరుగుతుంది. కాబట్టి నిజం చెప్పడమే లాభం. ఒక్క సరుకునీ విప్పి చూడక్కర్లేని వెరిఫికేషన్ సిస్టమ్ ఇది. కోడ్ రివ్యూలో ఇలాంటి లాజిక్ కనిపిస్తే చప్పట్లు కొడతాం.

ఆ డబ్బుతోనే రాజు రెండో ఫ్రెడరిక్ 1574-85 మధ్య పాత కోటను క్రోన్‌బోర్గ్ అనే రాజభవనంగా మార్చాడు. 1629లో అది తగలబడితే కొడుకు నాలుగో క్రిస్టియన్ మళ్లీ కట్టించాడు. ఈ క్రిస్టియన్‌తో మనకీ ఒక లింకుంది. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం కుదిరి, తరంగంబాడిలో డేన్‌లు డాన్స్‌బోర్గ్ కోట కట్టుకున్నది ఈయన కాలంలోనే. రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు. అటు సంతకం తెలుగు కవిది, ఇటు రాజ్యం టోల్‌గేట్ రాజుది!

ఎప్పుడూ ఇక్కడ ఉండని హామ్లెట్

కోట లోపల తప్పక చూడాల్సింది నాట్యశాల. పొడవు 62 మీటర్లు. నలుపు, తెలుపు గళ్ల నేల మీద ఆ చివర నిలబడ్డ మనిషి చదరంగం పావులా కనిపిస్తాడు.

హామ్లెట్ సంగతికొస్తే, ఆయన ఇక్కడ ఎప్పుడూ లేడు. ఆ పాత్రకి మూలమైన ఆమ్లెత్ కథ క్రోన్‌బోర్గ్ కంటే చాలా పాతది. షేక్‌స్పియర్ ఇక్కడికి వచ్చినట్టు ఆధారమూ లేదు. కానీ 1580లలో ఇంగ్లిష్ నటులు కొందరు వచ్చి ఇక్కడ రాజు కొలువులో ప్రదర్శనలిచ్చారు. వాళ్లలో కొందరు తర్వాత షేక్‌స్పియర్ బృందంలో చేరారు. ఆయన చెవిన ఈ కోట సంగతులు వాళ్లే వేసి ఉండొచ్చు. నాటకంలోని ఎల్సినోర్ ఈ ఊరే. 1937లో లారెన్స్ ఒలీవియర్ కూడా ఇక్కడికి వచ్చి హామ్లెట్ వేశాడు. ఏదైతేనేం, లేని మనిషి పేరు మీద ఊరు ఈరోజుకీ టికెట్లు అమ్ముకుంటోంది.

కోట కింద చీకటి సొరంగాలున్నాయి. ఫోన్ టార్చ్ వేసుకుని దిగితే, గడ్డం పెంచుకుని కూర్చునే నిద్రపోతున్న పెద్ద విగ్రహం ఎదురవుతుంది. పేరు హోల్గర్ డాన్‌స్కె. డెన్మార్క్‌కి ఆపదొస్తే నిద్ర లేచి కాపాడతాడని వీళ్ల నమ్మకం. మన బ్రహ్మంగారు చెప్పిన వీరభోగ వసంతరాయల్లాగే! రెండో ప్రపంచ యుద్ధంలో నిజంగానే ఆపదొచ్చింది. జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు. 1943 అక్టోబర్‌లో యూదుల్ని పట్టుకెళ్లబోతున్నారని తెలిసి, డెన్మార్క్ జనం 7 వేల మందికి పైగా మనుషుల్ని చేపల పడవల్లో, చిన్న చిన్న ఓడల్లో స్వీడన్‌కి చేర్చారు. హెల్సింగోర్ నుంచి కూడా రాత్రుళ్లు పడవలు కదిలాయి. విగ్రహం మాత్రం లేవలేదు. ఒక రహస్య పోరాట దళం తనకి ‘హోల్గర్ డాన్‌స్కె’ అని పేరు పెట్టుకుంది, అంతే.

మొదటి దెబ్బ, రెండో దెబ్బ

ఇప్పుడు అసలు కథ. సముద్రంలో వెళ్లడానికి డబ్బెందుకు కట్టాలని అమెరికా మొండికేసింది. చివరికి 1857లో దేశాలన్నీ కలిసి డెన్మార్క్‌కి ఒకేసారి పరిహారం ఇచ్చి, నాలుగు వందల ఏళ్ల టోల్‌ని ఎత్తేయించాయి. ఆగే ఓడలు పోయాయి. వాటికి సరుకులు అమ్మి, ఏజెంట్లుగా పనిచేసి బతికిన ఊరి సంగతి ఊహించుకోవచ్చు.

1882లో ఇక్కడ ఓడలు కట్టే షిప్‌యార్డ్ వచ్చింది. వేలమందికి పని దొరికింది. ఊరు మళ్లీ లేచింది. వంద ఏళ్లు తిరిగాయి. 1983లో అదీ మూతపడింది.

ఆ షిప్‌యార్డ్ స్థలంలోనే నేను ఎక్కువసేపు గడిపా. పాత వర్క్‌షాపుల్ని 2010లో లైబ్రరీ, థియేటర్ ఉన్న సాంస్కృతిక కేంద్రంగా మార్చారు. పక్కనే ఓడలు రిపేర్ చేసిన డ్రై డాక్ ఉంది. 150 మీటర్ల పొడవున్న కాంక్రీట్ గొయ్యి. కోట యునెస్కో వారసత్వ కట్టడం, దానికి అడ్డంగా ఎత్తు భవనం కట్టకూడదు. అందుకని బిగ్ అనే ఆర్కిటెక్చర్ సంస్థ గొయ్యిని అలాగే ఖాళీగా వదిలేసి, దాని గోడల చుట్టూ భూమి లోపల సముద్రయాన మ్యూజియం కట్టింది. 2013లో తెరిచారు. గొయ్యిని పూడ్చేస్తే పని తేలికయ్యేదేమో. కానీ ఇక్కడ ఓడలుండేవన్న గుర్తు ఆ ఖాళీయే.

మన ఆఫీస్ భాషలో చెప్పాలంటే ఊరు ‘రీస్కిల్’ అయింది. చప్పట్లు కొట్టేముందు ఒక చిన్న లెక్క చేయండి. యార్డ్ మూతపడ్డప్పుడు నలభై ఏళ్లున్న వెల్డర్‌కి, మ్యూజియం తలుపులు తెరిచేనాటికి డెబ్బై ఏళ్లు. ముప్పై ఏళ్లు ఊరికి చిన్న విరామం. ఆ మనిషికి మాత్రం మిగిలిన సర్వీసంతా. మ్యూజియంలో టికెట్ చింపే ఉద్యోగం అతని కోసం కాచుకుని కూర్చోదు. ‘టెక్నాలజీ మారినా కొత్త ఉద్యోగాలొస్తాయి’ అని మీటింగుల్లో వింటుంటాం కదా. అబద్ధం కాదు. ఎప్పుడొస్తాయి, ఎవరికొస్తాయి అన్న రెండు ప్రశ్నలు మాత్రం ఎవరూ స్లైడ్‌లో పెట్టరు. పోయిన నెల మా టీమ్‌లో ఇద్దర్ని తీసేసినప్పుడు నేను అడగాలనుకున్నవీ అవే.

ఒక్క సంగతి మాత్రం నాకు ధైర్యం ఇచ్చింది. టోల్ గుమస్తాలు 1497 నుంచి ఓడ పేరిట ఓడ పేరిట రాసిన పుస్తకాలు చాలావరకు ఇంకా ఉన్నాయి. దాదాపు 18 లక్షల ప్రయాణాల వివరాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. యూరప్ వ్యాపార చరిత్ర రాసేవాళ్లకి అదొక గని. టోల్ పోయింది, వసూలు చేసిన రాజులు పోయారు. శ్రద్ధగా రాసిన లెక్క మాత్రం పనికొస్తూనే ఉంది. డాక్యుమెంటేషన్ అంటే విసుక్కునే దోస్తులకి ఈ పేరా ఫార్వర్డ్ చేయండి.

వెళ్లేవాళ్ల కోసం

కోపెన్‌హేగన్ కార్డ్ తీసుకుంటే రైలు, కోట టికెట్ రెండూ అందులోనే వచ్చేస్తాయి. కోటకి రెండు గంటలు, మ్యూజియానికి గంటన్నర పెట్టుకోండి. స్టెన్‌గేడ్ వీధిలో పాత వర్తకుల ఇళ్లు చూస్తూ నడవండి. రేవు దగ్గర స్టీల్‌తో చేసిన కుర్రాడి విగ్రహం ‘హాన్’ ఉంటుంది. గంటకోసారి రెప్ప వేస్తాడు, ఓపికుంటే కాచుకోండి. టైముంటే ఫెర్రీ ఎక్కండి, ఇరవై నిమిషాల్లో స్వీడన్‌లో ఉంటారు. గాలికి తట్టుకునే జాకెట్ మాత్రం వేసవిలో కూడా మర్చిపోవద్దు.

ఫెర్రీ డెక్ మీద నిలబడితే క్రోన్‌బోర్గ్ మొత్తం ఒకే ఫ్రేమ్‌లో వస్తుంది. ఒకప్పుడు ఇదే నీళ్ల మీద కెప్టెన్లు తమ సరుకు విలువ ఎంత చెప్పాలా అని లెక్కలు వేసుకుంటూ వచ్చారు. అప్రైజల్ ఫామ్ నింపే ముందు మనం వేసుకునే లెక్క కూడా అదే.