గుడాలంటే నామోషీనా?

మొన్న సంక్రాంతి పేరంటానికి హనుమకొండలో ఒకరింటికి వెళ్లాను. ప్లేట్లలో బేకరీ పఫ్ఫులు. వంటింట్లో మూతపెట్టిన గిన్నెలో అనుముల గుడాలు! "అవి మాకోసమేనండీ, నలుగురిలో పెడితే ఏం బాగుంటుంది?" అంది ఇల్లాలు.

ఎందుకు బాగుండదమ్మా? శ్రావణంలో నానబెట్టిన శనగలు వాయనమిస్తే బాగుంటుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో సూర్యుడికి రథం కట్టి, చిక్కుడాకుల్లోనే పరమాన్నం పెడితే బాగుంటుంది. గింజలు ఉడికించి ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపు వేస్తే మాత్రం నామోషీ!

ఈజిప్టులో ఫావా చిక్కుడు గింజల్ని (మన అనుములు వేరే జాతి లెండి) రాత్రంతా సన్నసెగన ఉడికించి, నూనె, జీలకర్ర, నిమ్మరసంతో పొద్దున్నే తింటారు. పేరు 'ఫూల్'. కలవాళ్లకీ లేనివాళ్లకీ అదే ఫలహారం. ఎవరూ మూతపెట్టి దాచరు.

గిన్నె మూత నేనే తీశాను. పక్కావిడ పఫ్ పక్కనపెట్టి ప్లేటు చాచింది.