పుండు మీది మందు, నాలుక మీది విషం

గాయపడిన జంతువు తన గాయాన్ని నాకుతుంది. కుక్కయినా ఎద్దయినా అది సహజ ప్రవృత్తి. "నాకనివ్వండి, దానికదే మానిపోతుంది" అన్న మాట పల్లెలలోనే కాక చదువుకున్న ఇళ్లలోనూ వినిపిస్తుంది. సస్యశాస్త్రం బోధించేవానికి ఈ విషయంతో పనేమిటని పశువైద్య మిత్రులు అడగవచ్చు. ఆ పని మనం సిఫారసు చేసిన పురుగుమందుల సంచిలోనే ఉన్నది.

కొన్నేళ్ల క్రితం వేరుశనగ ప్రదర్శన క్షేత్రాల పరిశీలనకు వెళ్లినప్పుడు ఒక రైతు ఇంటి ముందు ఎద్దు పడి ఉన్నది. చొంగ ధారగా కారుతున్నది, కండరాలు అదురుతున్నవి. గుంటక పాస తగిలి వెనుక కాలు తెగిందట, ఈగలు వాలి పురుగు పట్టిందట. ఇంట్లో మిగిలిన ఫోరేట్ గుళికలను నూరి ఆయన పుండులో నింపాడు. "పురుగులైతే చచ్చినయ్ సార్, రాత్రంతా అది కాలు నాకుతనే ఉండె" అన్నాడు. పశువైద్యుడు అట్రోపిన్‌తో వచ్చేలోగా ఎద్దు చనిపోయింది. ఆ గుళికలు ఎకరానికి ఎన్ని కిలోలు వేయాలో చెప్పినవారం మనమే. మిగిలినవి ఏమవుతాయని మాత్రం ఏనాడూ అడగలేదు.

ఫోరేట్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు నాడుల కూడలిలో ఎసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుంటాయి. పురుగును చంపే చర్యే పశువునూ చంపుతుంది. కొంత మందు పుండు ద్వారా రక్తంలోకి చేరుతుంది, నాకినది నేరుగా కడుపులోకి పోతుంది. కేంద్ర ప్రభుత్వం 2018 నాటి ఉత్తర్వుతో ఫోరేట్ వాడకాన్ని 2020 డిసెంబరు 31 నుండి నిషేధించింది. అటక మీది పాత సంచికి ఆ సంగతి తెలియదు.

ఇక లాలాజలపు మహిమ. అందులో లైసోజైమ్ వంటి, కొన్ని బాక్టీరియాలను అణచే పదార్థాలు ఉన్న మాట నిజమే. కాని ఆ కొద్దిపాటి మేలు గరుకు నాలుక రాపిడి ముందు నిలవదు. కొత్తగా ఏర్పడే లేత కణజాలం చిట్లుతుంది, కుట్లు ఊడుతాయి, నోటిలోని సూక్ష్మజీవులు గాయంలో చేరుతాయి. తడి ఆరని పుండు మీద ఈగ వాలుతుంది. క్రైసోమియా జాతి ఈగ గాయపు అంచున పెట్టిన గుడ్లు సుమారు ఒక్క రోజులోనే పగిలి, పురుగులు మాంసంలోకి తొలుచుకుపోతాయి. అప్పుడు రైతు చేయి అటక వైపు పోతుంది.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. కుక్క మెడకు గరాటు ఆకారపు పట్టీ మందుల దుకాణంలో దొరకకపోతే, పాత ప్లాస్టిక్ బక్కెట్టు అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి కట్టవచ్చు. అది ముక్కు కొనను దాటి ఉండాలి. కుట్లు విప్పే వరకు, అంటే సాధారణంగా 10 నుండి 14 రోజులు, జాలిపడి తీసివేయరాదు. పశువులకు చిక్కం మన రైతుకు కొత్త కాదు. అంతరకృషిలో పైరు మేయకుండా కట్టేదే. అయితే చిక్కంతో పశువు మేయలేదు, నీరు త్రాగలేదు. కనుక మందు రాసిన తరువాత కొద్దిసేపటికే అది పనికివస్తుంది. ఎక్కువ రోజులకు వెదురు బద్దలను రెండు తాళ్లకు వరుసగా గ్రుచ్చి మెడ చుట్టూ కట్టే పట్టీ మేలు. మెడ వంగదు, మేతకు అడ్డురాదు. పలుపు పొట్టిగా బిగించి కట్టివేయడం మాత్రం సరికాదు, పశువు పడుకోలేదు.

మన శిక్షణ తరగతులలో పిచికారీ మోతాదు, ముఖానికి గుడ్డ, చేతులు కడుగుకొనుట వరకు చెప్పి ఆగిపోతున్నాము. పశువుల పుండుపై పంట మందు వేయరాదన్న వాక్యం మన సాగు పద్ధతుల కరదీపికలలో నాకు కనిపించలేదు. అది పశువైద్య శాఖ పని అని తప్పుకోవడం నాకు సమ్మతం కాదు. సంచి మనది.

గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్లే మా విద్యార్థుల ప్రశ్నావళిలో ఈ సంవత్సరం రెండు ప్రశ్నలు చేర్చాను. మిగిలిన గుళికలు ఎక్కడ ఉంచారు? పశువుకు పుండు పడితే మొదట ఏమి వేస్తారు? జవాబు ఏదైనా, సంచార పశువైద్య సేవల నంబరు 1962ను కొట్టం గోడపై సుద్దతో వ్రాసి రమ్మని చెప్పాను.