భాష వచ్చింది... మరి లైబ్రరీలు?

పైథాన్ మొదలుపెట్టిన చాలామంది లూపులు, ఫంక్షన్ల దాకా వచ్చి 'ఇక వచ్చేసింది' అనుకుంటారు. అసలు పని అక్కడే మొదలు. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన ఈ భాషను ఇన్‌స్టాల్ చేసుకుంటే ఇప్పుడు 200కు పైగా మాడ్యూళ్లు దాంతోపాటే వస్తాయి. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఏ పనికి ఏది ఉందో తెలిస్తే చాలు.

ఉదాహరణకు, ఓ సీఎస్‌వీ ఫైల్లో పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయనుకోండి. కామా దగ్గర విడగొట్టే కోడ్ ఒక్క లైన్లో మనమే రాసేయొచ్చు. కానీ కొటేషన్ల మధ్య 'హన్మకొండ, వరంగల్' అని ఉంటే? చిరునామా రెండు ముక్కలై, ఫోన్ నంబరు పక్క గడిలోకి జరుగుతుంది. ప్రోగ్రామ్ మాత్రం కిక్కురుమనదు! సీఎస్‌వీ మాడ్యూల్‌కు ఈ తిరకాసు ముందే తెలుసు. ఏ ఊరి వాళ్లు ఎందరో లెక్కించడానికి కలెక్షన్స్‌లోని కౌంటర్, తేదీల మధ్య రోజులు తేల్చడానికి డేట్‌టైమ్ ఉన్నాయి.

ఇంటి ఖర్చుల పద్దు లాంటి చిన్న పని తీసుకుని ముందు ఈ మూడూ వాడి చూడండి. నమ్‌పై, పాండాస్ ఆ తర్వాత. అడిగితే ఏఐ కోడ్ రాసిస్తుంది, నిజమే. అందులో తప్పు పట్టుకోవాల్సింది మాత్రం మీరే కదా!