భూకంపానికి సెట్ వేస్తే

2001 సెప్టెంబరు 25 రాత్రి పుదుచ్చేరికి అవతల సముద్రం అడుగున భూమి కదిలింది. తీవ్రత సుమారు 5.5. చెన్నైలో జనం ఇళ్లు వదిలి వీధుల్లోకి పరుగెత్తారు. మూడేళ్లు తిరగగానే సుమత్రా భూకంపం, సునామీ. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో మరొకటి. అప్పుడు పెద్ద అలలు రాలేదు గానీ నగరంలోని ఎత్తైన ఆఫీసు భవనాలు ఊగి ఖాళీ అయ్యాయి. ఇన్నిసార్లు కదిలిన ఊరికి అగ్నిపర్వతాలు, భూకంపాల మీద చేత్తో కదిపి చూసి నేర్చుకునే ప్రదర్శనశాల ఒకటి కావాలి. దాన్ని విదేశీ కంపెనీల చేత కాక చెన్నై సినిమా పేట కోడంబాక్కంలో సెట్లు వేసే పనివాళ్ల చేత కట్టించాలన్నది నా వాదన.

ఇలాంటి ప్రదర్శన అనగానే అందరికీ తోచేది ఊగే గది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 1995 కోబే భూకంపాన్ని గుర్తుచేస్తూ జపాన్ సూపర్‌మార్కెట్ నమూనా ఒకటి ఉంది, అందులో నిలబడితే కాళ్ల కింద నేల కదులుతుంది. మన దేశంలో భుజ్ దగ్గర 2022 ఆగస్టులో తెరిచిన స్మృతివనంలోనూ కంపనాన్ని ఒంటికి తెలిపే థియేటర్ ఉంది. స్మృతివనం గొప్ప పని. 2001 భుజ్ భూకంపంలో చనిపోయినవారి స్మారకాన్నీ విజ్ఞానాన్నీ ఒకే కొండ మీద నిలబెట్టింది. కానీ ఊగే గదిలోంచి బయటికొచ్చిన పిల్లవాడికి మిగిలేది ఒళ్లు జలదరించిన జ్ఞాపకమే. తన ఇల్లు నిలబడుతుందా అన్న ప్రశ్న వాడికి తట్టదు.

చెన్నైలో ఆ ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. 2001 జనవరి 26న వచ్చిన ఆ భుజ్ భూకంపం కేంద్రానికి అహ్మదాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినా అక్కడ అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తులో గోడలు లేవు, కార్ల కోసం పిల్లర్ల మీద నిలబెట్టారు. పై అంతస్తులు గోడలతో బిగిసి ఉంటే కదలికంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. ఇప్పుడు కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం వీధుల్లో నడిచి చూడండి. సినిమా ఫ్లోర్లు ఉండిన చోట్ల కూడా లేచినవి అవే స్టిల్ట్ పార్కింగ్ అపార్ట్‌మెంట్లు. 2002లో సవరించిన భారతీయ ప్రమాణం చెన్నైని రెండో భూకంప జోన్ నుంచి మూడో జోన్‌కు మార్చింది. అంతకుముందు కట్టినవి ఎన్నో ఇంకా నిలిచి ఉన్నాయి, వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు.

కోడంబాక్కమే ఎందుకంటే, అక్కడి పనివాళ్లకు తెలిసిన లెక్క ఒకటుంది. 1957లో మాయాబజార్ సినిమా కోసం వాహినీ స్టూడియోలో ద్వారకను చిన్న చిన్న ఇళ్లతో కట్టి, మార్కస్ బార్ట్‌లీ కెమెరా దాన్ని మహానగరంగా చూపించింది. మినియేచర్ కూలే షాట్‌ను మామూలు వేగంతో తీస్తే బొమ్మ కూలినట్టే కనిపిస్తుంది. పదహారో వంతు నమూనా అయితే కెమెరాను నాలుగు రెట్లు వేగంగా, అంటే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 96 తిప్పాలి. అప్పుడే దానికి బరువు వస్తుంది. తక్కువ ఎత్తు నుంచి పడేది త్వరగా నేల చేరుతుంది కనుక కాలాన్ని వర్గమూలం చొప్పున సాగదీయాలి. భూకంప ఇంజినీర్లు కంపన బల్ల మీద చిన్న భవనాన్ని పరీక్షించేటప్పుడు దాన్ని ఎన్ని రెట్లు వేగంగా ఊపాలో తేల్చేదీ ఈ వర్గమూలమే. ట్రిక్ ఫోటోగ్రఫీ, భూకంప శాస్త్రం ఒకే సూత్రాన్ని పంచుకున్నాయని చెప్పే ఫలకం పెట్టడానికి ఇంతకన్నా తగిన పేట నాకు తెలియదు.

కాబట్టి మొదటి గదిలో ఊగే నేల వద్దు, ఊపే బల్ల పెట్టాలి. దాని మీద మూడంతస్తుల ఇల్లు, పదంతస్తుల భవనం, ఇరవై అంతస్తుల టవర్. సందర్శకుడే చక్రం తిప్పాలి. వేగంగా తిప్పితే పొట్టి ఇల్లు అదురుతుంది, టవర్ దాదాపు కదలదు. నెమ్మదిగా తిప్పితే టవర్ ఊగుతుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. దాదాపు రెండు వేల కిలోమీటర్ల అవతల సుమత్రా దగ్గర పుట్టిన కంపనం 2012లో పై అంతస్తుల వాళ్లకు తెలిసి, వీధిలో నడిచే చాలామందికి ఎందుకు తెలియలేదో ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. పక్కనే స్టిల్ట్ అపార్ట్‌మెంట్ నమూనా ఉండాలి. కింద రెండు పిల్లర్ల మధ్య గోడపలక దూర్చి, మళ్లీ ఊపి చూసుకోవాలి. మ్యూజియంలో ‘తాకరాదు’ అన్న బోర్డు ఒక్కటీ ఉండకూడదు. విరిగిన నమూనాను మర్నాటికి బాగుచేసే చేతులు అదే పేటలో ఉన్నాయి, సెట్ పని చేసేవాళ్లకు ఇది రోజూ చేసే పనే.

అగ్నిపర్వతం పిల్లలను లోపలికి పిలుస్తుంది గానీ మనకు అది అంత దగ్గరి ముప్పు కాదు. దేశంలో రగులుతున్నది అండమాన్‌లోని బారెన్ ద్వీపం. ఎర్ర లైట్లు, పొగ మిషన్లతో ఆ గది నింపే కన్నా రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల నల్లరాయిని తెచ్చి పెట్టాలి. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావా పడమటి నుంచి వందల కిలోమీటర్లు పారి గోదావరి ముఖద్వారం దాకా చేరిందని భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రెండు లావా పొరల నడుమ సున్నపురాయిలో గుల్లలు దొరుకుతాయి. దాని పక్కన పల్లావరం చార్నకైట్ రాయి పెట్టండి. అది భూమి లోతుల్లో, విపరీతమైన వేడిలో తయారైంది. రెండూ నల్లనివే. రెండింటినీ చేత్తో తడిమి తేడా కనిపెట్టమనండి.

సునామీ గదిలో మాత్రం సంయమనం కావాలి. తమిళనాడులో సుమారు ఎనిమిది వేల మంది పోయారు. పట్టినపాక్కం మత్స్యకారుల పిల్లలు ఆ గదిలోకి వస్తారు, కనుక అలల హోరు వినిపించకండి. ఒక గడియారం చాలు. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు కాస్త ముందు భూమి కదిలింది, అలలు మెరీనాకు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో ఏ హెచ్చరికా రాలేదు. 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ హెచ్చరికలిచ్చే పని చేస్తోంది. గడియారం ముళ్లు సందర్శకుడే తిప్పుతూ, ఏ నిమిషానికి ఎవరికి కబురు చేరాలో పలకలు పేర్చాలి. చివరి పలక మీద ఉండాల్సింది కుప్పంలో, అంటే మత్స్యకారుల వాడలో, మైకు పట్టుకున్న మనిషి. హైదరాబాద్ నుంచి వచ్చిన సమాచారం ఆ మనిషి దాకా చేరకపోతే మొదటి పలకలన్నీ వృథా.

రాతలు తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో ఉండాలి. బయటికి వెళ్లే దారిలో బొమ్మల దుకాణానికి బదులు ఒక బల్ల వేసి, ఆదివారాలు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును కూర్చోబెట్టాలి. తమ అపార్ట్‌మెంట్ ప్లాను, కింది అంతస్తు ఫోటో తెచ్చినవాళ్లకు ఏ పిల్లర్‌కు బలం చేర్చాలో, పరీక్షకు ఎవరిని పిలవాలో ఉచితంగా చెప్పాలి. ఆ బల్లకయ్యే జీతం మొదటి ఏడాది బడ్జెట్‌లోనే రాయాలి.