ఈ ఆదివారం మార్కులు అడక్కండి!

తల్లిదండ్రులారా, లెక్చరర్లారా, వార్డెన్లారా!

గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు నుంచి పొద్దున్నే బస్సెక్కి, పులిహోర డబ్బాతో బెజవాడ వస్తాం. కానూరు, పోరంకి హాస్టళ్ల గేట్ల ముందు ఎండలో నిలబడతాం. పిల్లాడు బయటికి రాగానే మన మొదటి మాట, “ఈ వారం ఎన్నొచ్చాయిరా?” వాడు డబ్బా మూత తీయకుండానే తల దించుకుంటాడు.

వీకెండ్ టెస్టు ముందురోజే కడుపునొప్పి అనే పిల్లలు ప్రతి హాస్టల్లోనూ ఉన్నారు. మాత్ర ఇచ్చి పంపేస్తారు. అది దొంగ నొప్పి కాదు, భయం కడుపులోకే దిగుతుంది. స్నానాల దగ్గర బకెట్ కోసం రూమ్మేట్‌ను కొట్టినవాడికి పొగరంటారు. రెండు రోజుల కిందటే వాణ్ణి కింది సెక్షన్‌కి మార్చారన్నది ఎవరికీ గుర్తుండదు. ఆ అవమానమే కోపమై బయటికొచ్చింది. గలగలా మాట్లాడే అమ్మాయి ఫోన్లో “ఊఁ”, “సరే” తప్ప అనడం లేదంటే, బుద్ధిగా చదువుతోందని మురిసిపోకండి. ఏం జరిగిందో అడగండి. చెప్పేదాకా ఓపిక పట్టండి. తిట్టకుండా వినండి.

తమ్ముడూ, చెల్లీ! గుండె దడదడలాడుతుంటే “మూడ్ బాలేదు” అని వదిలేయకండి. భయమా, సిగ్గా, ఇంటి మీద బెంగా, ఫీజు కోసం నాన్న చేసిన అప్పు గుర్తొచ్చిందా? అదేమిటో పేరు పెట్టి ఒక్కరికైనా చెప్పండి. పీల్చిన దానికంటే ఎక్కువసేపు, నెమ్మదిగా ఊపిరి వదలండి, కాసేపటికి దడ తగ్గుతుంది. కోపం వస్తే ముందు అక్కణ్నుంచి పక్కకు వెళ్లండి, మాట తర్వాత. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండొద్దు. అర్ధరాత్రైనా పక్కవాళ్లను లేపి చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ నంబరు. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. వార్డెన్‌గారూ, హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లుండవు. ఈ నంబరుకి మాట్లాడటానికి మీ ఫోను ఇవ్వండి, ఎందుకని అడక్కండి.

ఒక్క 2022లోనే మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇంటర్ కాలేజీల్లో చావుల మీద మన రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. గేటు లోపల పెద్దగా మారిందేమీ లేదు. కానీ ఇప్పుడు మన చేతిలో సుప్రీంకోర్టు తీర్పుంది. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చి చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, ఆమె తండ్రి పోరాడితే, 2025 జులై 25న వచ్చింది. దాని ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. వీలైనంత వరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్దక్షరాలతో రాయాలి. కొత్త చట్టమో, నిబంధనలో వచ్చేదాకా ఇవి పాటించి తీరాల్సినవే.

కనక ఈ ఆదివారం ముందు పిల్లాడికి తినిపించండి, కబుర్లు వినండి. తర్వాత ఈ కాగితం పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్లండి. కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు, మా పిల్లాడు ఎవరి అనుమతీ లేకుండా వెళ్లి మాట్లాడొచ్చా అని అడగండి. జవాబు కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే పదిమంది తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెట్టండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.

ఇట్లు,
బెజవాడ హాస్టళ్లలో పిల్లల్ని చదివిస్తున్న అమ్మానాన్నలు